మూల తెగిన కార్డు, చాటెడు తవుడు

మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోక తప్పదు. నేను కాస్త తొందరపాటు మనిషిని కనక ఇరవై మూడో ఏటే ఆ పని కానిచ్చేశాను. పైగా పోయేవాళ్ళెవరూ చెయ్యని సాహసం ఒకటి చేశాను. నా చావు కబురు నేనే స్వయంగా మిషను మీద కొట్టి, నేనే స్టేషనుకి తీసుకెళ్ళి, నవ్వుతూ పంపించాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ మాట మా ఆఫీసు పెద్ద కూడా ఒప్పుకున్నాడు.

ఇంత ఘనకార్యం వెనక చదువుకున్న వెధవ ఒకడు ఉండి తీరాలని మీరు ఈపాటికే పసిగట్టి ఉంటారు. సబబే. వాణ్ణి పరిచయం చేస్తాను.

పేరు సూరిబాబు. తండ్రి టాటానగర్‌లో గూడ్సు బండి గార్డు. విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి జుగ్సలాయి పక్కన రైల్వే క్వార్టర్లో స్థిరపడ్డ మా నాన్న దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు: రైలు నడిపేవాళ్ళు, రైలెక్కేవాళ్ళు. నేను ఆ రెంటికీ చెందకుండా ఊళ్ళో ఒక కార్ఖానా ఆఫీసులో, కొత్తగా దిగిన కంప్యూటరు సెక్షన్లో చేరాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “జెండా లేదు, విజిల్ లేదు. అదేటి ఉద్యోగం రా” అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

అప్పటికి మా టాటానగర్ స్టేషనున్న జంషెడ్‌పూర్‌లో కంప్యూటరంటే తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు దాన్ని ‘ఎలక్ట్రానిక్ మెదడు’ అనేవారు. తెలియనివాళ్ళు ‘ఆ చల్లగది’ అనేవారు. తెలియనివాళ్ళే నిజానికి దగ్గరగా ఉన్నారని నా అభిప్రాయం. చూడ్డానికి అది వరసగా నిలబెట్టిన ఇనప బీరువాల్లా ఉండేది. మే నెల్లో కొలిమి పక్క మనుషులు కొవ్వొత్తుల్లా కారిపోతుంటే, ఈ బీరువాలకి మాత్రం చెమట పట్టకూడదని ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. దగ్గొస్తే బయటికొచ్చి దగ్గాలి. ఈ మడి అంతా విని మా అమ్మ భక్తిగా, “మరి ఆ బాబుకి నైవేజ్జం ఏటి పెడతారు?” అని అడిగింది.

నైవేద్యం కార్డులు. పోస్టుకార్డు కన్నా కాస్త పొడుగ్గా, బిరుసుగా ఉంటాయి. మనం చెప్పదలచుకున్నది టైపు మిషనులాంటి దాని మీద కొడితే కార్డు నిండా సన్నటి బెజ్జాలు పడతాయి. పై అంచున అదే సంగతి ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అచ్చవుతుంది. అక్షరాలు మనుషులకి, బెజ్జాలు మెదడుకి. ఆ బెజ్జాలు కొట్టడమే నా ఉద్యోగం.

ప్రతి కార్డుకీ ఒక మూల ఏటవాలుగా తెగి ఉంటుంది. తయారయ్యే చోటే అలా కోసి పంపుతారు. కట్టలో ఏ కార్డైనా తిరగబడితే తెగని మూల ఒకటి బయటికి పొడుచుకొచ్చి దాన్ని పట్టిచ్చేస్తుంది. కార్డులు తిరగబడకుండా కాపాడే ఆ మూలే నన్ను తిరగేసింది. కొంచెం ఓపిక పట్టండి.

మా సెక్షన్ పెద్ద ఘోష్ బాబు. కద్మా నుంచి రోజూ సైకిలు మీద వచ్చి, ప్యాంటుకి పెట్టిన క్లిప్పులు తియ్యకుండానే మాకు ఉపదేశం చేసేవాడు: కార్డుని మడవరాదు, తడపరాదు, మరక చెయ్యరాదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఆపరేటరు ఇల్లూ ఆఫీసూ ఎరగడు. నేను ఇంట్లో చపాతీ కూడా మడవకుండా తినే స్థితికి వచ్చాను. నా తెలుగు కూడా ఇస్త్రీ చేసుకుంది. అమ్మ ‘ఏటి’ అంటే నేను ‘ఏమిటి’ అనేవాణ్ణి.

ఇలాంటి దశలో నాకు సంబంధం చూశారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రామ్మూర్తి గారమ్మాయి, వరలక్ష్మి. పెళ్ళిచూపుల్లో పిల్ల నోరు విప్పదు కదా. వరలక్ష్మీ విప్పలేదు. పక్కనున్న నాయనమ్మ చెవిలో ఏదో ఊదింది. చూపు ఆనని ఆ ముసలమ్మ నేనున్న వైపుకి కాస్త పక్కగా తిరిగి, గోడకేసి చెప్పింది:

“మిషను తప్పు చేత్తే ఎవల్ని తిడతారని అడుగుతంది బాబూ.”

నేను కాలు మీద కాలేసుకున్నాను. “మిషను తప్పు చెయ్యదండీ” అన్నాను.

వరలక్ష్మి తలొంచుకుని చిన్నగా నవ్వింది. అది ఆరాధన అనుకున్నాను. ఈ మాట మీరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆవిడ మరిచిపోలేదు.

ఇరుపక్కలా ఇష్టపడ్డారు. తాంబూలాలు మా ఇంట్లో పుచ్చుకోవాలని, మంచిరోజు చూసి మేమే కబురు పెట్టాలని అనుకున్నారు. పురోహితుడు వచ్చే ఆదివారం దివ్యంగా ఉందన్నాడు. ఇక అటు కబురు పంపడమే తరవాయి. అందులోనే ఉంది మెలిక. ఖరగ్‌పూర్‌లోనే ఒక టికెట్ కలెక్టరు సంబంధం వాళ్ళ గుమ్మంలో కాచుక్కూచుంది. మా కబురు ఆలస్యమైతే రామ్మూర్తి గారు అటు ఒరిగిపోతారని అమ్మ బెంగ. వరలక్ష్మి నవ్వు ఒక టికెట్ కలెక్టరు పాలవుతుందేమోనని నా బెంగ.

అమ్మ పోస్టుకార్డూ పసుపు గిన్నే పట్టుకొచ్చింది. నేను రెంటినీ పక్కకి నెట్టి, ఆఫీసులో పారేసే కట్టలోంచి తీసి, అక్కడే నా చేత్తో కొట్టి తెచ్చిన కార్డు గర్వంగా చూపించాను. ఖరగ్‌పూర్ వాళ్ళు అల్లుడి ఘనత ఆదివారం దాకా ఆగకుండా ముందే చూడాలని నా ఆలోచన.

“ఏట్రా ఇది, ఎలకలు కొరికిన అట్టముక్క?”

“కంప్యూటర్ కార్డమ్మా. ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ ఇలాంటి శుభలేఖ పంపి ఉండరు.”

“పంపరు మరి. మూల తెగినది మంచికి పంపుతారేటిరా?”

“సైన్సుకి మంచీ చెడ్డా ఉండవు.”

“పోనీ మిగిలిన మూలలకైనా కూసింత పసుపెట్టనీ.”

“కార్డుకి మరక చెయ్యకూడదు. మిషను ఆగిపోతుంది.”

“ఇది మిషన్లోకెల్తాదా, కరగ్పూరెల్తాదా?”

ఇంత సూటి ప్రశ్నకి జవాబుగా దేశ పురోగతి గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ ఓపిగ్గా విని, పసుపు గిన్నె మీద మూత పెట్టి, “నీ సైన్సు నువ్వే సూసుకో” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కార్డు మీద ఏం కొట్టానో చెప్పాలి. ఇంగ్లీషులో నాలుగే ముక్కలు: సూరిబాబు, ఆదివారం, టాటానగర్, అందరూ రండి. పెళ్ళికూతురి పేరు కూడా వెయ్యాలని సరదాపడ్డాను గానీ, పదిమంది చేతులు మారే కార్డు మీద ఆడపిల్ల పేరు మర్యాద కాదని మానేశాను. నిశ్చితార్థం అన్న మాట వెయ్యబోయాను గానీ, ఇంగ్లీషులో దాని స్పెల్లింగు మీద ధైర్యం చాల్లేదు. ఒక పక్క మర్యాద, ఒక పక్క పిరికితనం. వీటితో మనిషి సుఖంగా బతకొచ్చంటారు. నేను చచ్చాను.

ఇప్పుడు ఒక సంగతి. ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పెడితే శుభం. ఇది మనవాళ్ళు ఊళ్ళనుంచి మూటగట్టి తెచ్చుకున్న ఆచారం. మూల చింపిన కార్డొస్తే చావు. దాన్ని గడప దాటనివ్వరు. వీధిలోనే చదివి, చించి పారేసి, తలస్నానం చేసి లోపలికెళ్తారు. ఇది ఇక్కడి బీహారీ ఇరుగుపొరుగుల దగ్గర అలవాటైంది. ఈ లైను పొడుగునా కాపరమున్న తెలుగు వాళ్ళకి రెండూ తెలుసు. అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా మూలలు చదివేస్తారు. నేనూ పుట్టింది మొదలు ఇవి చూస్తూనే పెరిగాను. కానీ నేను చదువుకున్నవాణ్ణి కదా, అక్షరాలు మాత్రమే చదివేవాణ్ణి.

రైల్వే వాళ్ళ కబుర్లు పోస్టాఫీసు గడప తొక్కవు. బండి గార్డు చేతిలో పెడితే చాలు, అవతలి స్టేషనులో మనిషికి చేరిపోతాయి. ఆ సాయంత్రం ఖరగ్‌పూర్ ప్యాసింజరు గార్డు మిశ్రాజీ. నాన్నకి పాత స్నేహితుడు. నన్ను ‘సింహాచలం కొడుకు’గా ఎరుగును గానీ పేరు ఎరగడు. కార్డు వెనక పెన్సిల్‌తో రామ్మూర్తి గారి పేరు రాసి ఆయన చేతికిచ్చాను. మిశ్రాజీ దాన్ని అటూ ఇటూ తిప్పి, మూల దగ్గర ఆగి, నెమ్మదిగా టోపీ తీసేశాడు.

కొత్త యంత్రవిద్య పట్ల ఒక పాతకాలపు మనిషి చూపిన గౌరవమని నాకు ఒళ్ళు పులకరించింది.

“కబ్ హువా, బేటా?” అని అడిగాడు, ఎప్పుడైందని.

మొన్ననే ఖాయమైందని హిందీలో చెప్పాను. నవ్వుతూ చెప్పాను.

మిశ్రాజీ నా నవ్వుకేసి కాసేపు చూశాడు. దుఃఖం ముదిరి మతి చలించిందనుకున్నాడని తరవాత తెలిసింది. నా తల మీద చెయ్యి పెట్టి, “హిమ్మత్ రఖ్నా” అన్నాడు. ధైర్యంగా ఉండమని. పెళ్ళి చేసుకోబోయేవాడికి అనుభవజ్ఞుడు ఇచ్చే సలహా అంతకన్నా ఏముంటుంది? కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేశాను.

బండి కదిలింది. బండి కన్నా ముందు నా చావు కదిలింది. ఘాట్‌శిలా చేరేసరికి సింహాచలం ఇంట్లో సూరిబాబు అనే కుర్రాడు పోయాడు. ఝార్‌గ్రామ్ దగ్గరికొచ్చేసరికి నేను కార్ఖానాలో ఏదో మిషన్లో చెయ్యి పెట్టి పోయాను. ఖరగ్‌పూర్లో దిగేసరికి ఆ మిషను ఎలక్ట్రానిక్ మెదడనీ, చెయ్యి కాదు తలే పెట్టాననీ, కార్డు మీద బెజ్జాలు దాని పళ్ళగాట్లనీ తేలిపోయింది. అబద్ధానికి ప్యాసింజరు బండి దొరికితే ప్రతి స్టేషన్లోనూ ఇంకొంత ఎక్కించుకుంటుంది.

రామ్మూర్తి గారు కార్డుని వీధి గేటు దగ్గరే చదివారు. కుటుంబమంతా నా పేరు మీద తలస్నానాలు చేసింది.

ఇక ఆదివారం. అమ్మ బూర్లు వేయిస్తోంది. నేను కొత్త టెరిలిన్ చొక్కా తొడుక్కుని, సెంటు కొంచెం ఎక్కువే రాసుకుని, గుమ్మంలో తాంబూలం పళ్ళెంతో నిలబడ్డాను. స్టేషన్ వైపు నుంచి రిక్షాలొచ్చాయి. రామ్మూర్తి గారు, ఆయన తమ్ముడు, నాయనమ్మ. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. అల్లుడింటికి ఎంత నిరాడంబరంగా వచ్చారో అని మెచ్చుకుంటూ ఉండగా, నాయనమ్మ రిక్షా దిగకుండానే రాగం అందుకుంది.

“ఎల్లిపోనావా నా నాయినా, పసుపు బట్టలు కట్టకుండానే ఎల్లిపోనావా…”

క్వార్టర్ల తలుపులన్నీ తెరుచుకున్నాయి. రామ్మూర్తి గారు నన్ను చూసి, ఒక కాలు రిక్షాలో ఒక కాలు నేల మీద పెట్టి, అలాగే ఉండిపోయారు. చూపు ఆనని నాయనమ్మ మాత్రం తిన్నగా వచ్చి, గుమ్మంలో ఎవడో కుర్రాడున్నాడని నా మెడ కౌగిలించుకుని భోరుమంది. పెద్దావిడ అంత ఏడుస్తుంటే ఊరుకోవడం బాగోదు. వీపు నిమిరి ఓదార్చాను.

“ఊరుకోండి మామ్మగారూ. ఎవరు పోయారు?”

“నువ్వే రా నాయినా” అంది ఆవిడ వెక్కుతూ.

తాంబూలం పళ్ళెం ఎప్పుడు జారిందో నాకు తెలీదు. అమ్మ చిల్లుల గరిటెతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అదే సమయానికి నాన్న లైన్ డ్యూటీ ముగించుకుని, తన ఇనప పెట్టె పట్టుకుని దిగాడు. దారిలో ప్రతి స్టేషన్లోనూ ఎవరో ఒకరు ఆయన భుజం తట్టి కన్నీళ్ళు పెట్టుకున్నారట. నన్ను చూసి, పెట్టె కింద పెట్టి, తాపీగా అన్నాడు:

“ఉన్నావా? సరే. ఓదార్చినోల్లందరికీ టీలు తాగించాను. అయ్యి నీ జీతంలోంచే.”

అసలు ప్రమాదం అప్పుడు బయటపడింది. రామ్మూర్తి గారు గొంతు సవరించుకుని, నేలకేసి చూస్తూ, “మీ వోడు లేడనుకున్నాం బావా. ఆ టీసీ వోల్లని రేపొచ్చెయ్యమని చెప్పేశాం” అన్నారు.

మనిషి ఒకసారి చచ్చి బతికాడంటే లోకం పండగ చెయ్యాలి. వీళ్ళు నా సీటు ఖాళీ అయిందని వేరేవాడికి రిజర్వేషన్ ఇచ్చేశారు. నేను నోరు తెరిచి, అందరూ రండి అని స్పష్టంగా అచ్చులో ఉందని, ఎవరైనా సరిగా చదివి ఉంటే అని, ఏదో నసిగాను. నాన్న ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకి ఎదురుగా వచ్చే మెయిలైనా ఆగుతుంది. నేనూ ఆగాను.

అందరూ తీర్పు కోసం నాయనమ్మ వైపు చూశారు. ఆవిడ ముక్కు తుడుచుకుని, నా మొహం తడిమి చూసి, వేడిగానే ఉందని నిర్ధారించుకుంది. తరవాత అరుగు మీద చతికిలబడి తీర్పు చెప్పింది. ఒకసారి నీళ్ళు పోసేసుకున్నాక మనిషి పోయినట్టే. పోయినవాడికి పిల్లనివ్వడం ఎక్కడా లేదు. పిల్ల కావాలంటే వీడు మళ్ళీ పుట్టాలి.

“పుట్టడమంటే?” అన్నాను.

“ఉయ్యాల్లో ఎయ్యాల. పేరెట్టాల” అంది.

అమ్మ చీర ఒకటి తెచ్చారు. దూలానికి ఉన్న కొక్కేనికి కట్టారు. టెరిలిన్ చొక్కాతో, సెంటుతో, దేశంలో కొత్త యుగానికి తలుపు తీసిన ఉద్యోగస్తుణ్ణి అందులోకి ఎక్కించారు. మోకాళ్ళ దగ్గర్నుంచి నేను బయటే ఉన్నాను. వీధిలో ఆడవాళ్ళంతా చేరి లాలి పాడారు. కొందరు పాడలేక నవ్వారు, కొందరు నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఒక పంజాబీ పెద్దావిడ ఏం జరుగుతోందో తెలియకపోయినా రెండు పాటలు అదనంగా పాడింది.

ఇంతటితో అయిపోలేదు. పోయి వచ్చిన బిడ్డ నిలవాలంటే వాణ్ణి అమ్మేసి, మళ్ళీ కొనుక్కోవాలి. మృత్యువుకి వీడు పనికిరాని సరుకనిపించాలి. ఇది మా వైపు తాతల నాటి పద్ధతి. ఆ లెక్కన జుగ్సలాయి బజారు నుంచి తవుడు తెప్పించారు. చాటెడు తవుడు కొలిచి అమ్మ కొంగులో పోసి, నాయనమ్మ నన్ను కొనేసింది. కొన్నాక పేరు పెట్టింది: తవుడు.

గమనించండి. చల్లగదిలో ఎలక్ట్రానిక్ మెదడుకి మేత వేసే మనిషిని, ఆవు మేత ఇచ్చి కొన్నారు. బేరం కూడా ఆడారు. అమ్మ చాట నిండలేదంటుంది, ఆవిడ వీడి పొడుగుకి అది చాలంటుంది.

అప్పుడు నాయనమ్మ కొంగు ముడి విప్పి, ఒక కార్డు తీసి, పిల్లవాడి చేతిలో గిలక్కాయ పెట్టినట్టు నా చేతిలో పెట్టింది. నా కార్డే. చించబోతే వరలక్ష్మి చించనివ్వలేదట.

“అది ఏడవనేదురా అబ్బాయ్. మాకు సిగ్గేసిపోయింది. సావు కబురైతే ఇంటి పెద్ద పేరున వత్తాది, ఇంత పొగరుగా రాదు అంది. అదొద్దన్నా మేం ఇంటేనా? తలార నీళ్ళోసుకున్నాం. దానికి మాత్రం ఒంట్లో బానేదని వంక.”

అంటే ఖరగ్‌పూర్ మొత్తానికి నేను పోయినా, స్నానం చెయ్యని ఒక్క మనిషి లెక్కలో బతికే ఉన్నాను. ఉయ్యాల్లో ఉన్నవాడికి గుండె కొట్టుకోవడం ఎంత ఇబ్బందో నాకు అప్పుడే తెలిసింది. ఉయ్యాల కూడా ఊగుతుంది.

సరిగ్గా ఆ సమయంలో గుమ్మంలో ఘోష్ బాబు ప్రత్యక్షమయ్యాడు. క్లిప్పులు ప్యాంటుకే ఉన్నాయి, చేతిలో తెల్లపూల దండ ఉంది. నేను సెలవులో ఉన్నాను కనక, నా మరణవార్త అడ్డులేకుండా కద్మా దాకా వెళ్ళింది పాపం. చీర ఉయ్యాల్లో ఊగుతున్న తన ఆపరేటర్ని చూసి కూడా ఆయన చూడనట్టే దగ్గరికొచ్చాడు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి ఆ నిగ్రహం ఉంటుంది. నా చేతిలో కార్డు తీసుకుని, వెలుతురుకేసి పట్టి, బెజ్జాలన్నీ ఓపిగ్గా పరిశీలించాడు.

“పంచింగ్ మే కోయీ గల్తీ నహీ” అన్నాడు. కొట్టడంలో తప్పేమీ లేదట. తరవాత కార్డు తిప్పాడు. ఆయన మొహం మొదటిసారి నిజమైన దుఃఖంతో నల్లబడింది. “దాగ్ కిస్నే లగాయా?”

మరక ఎవరు చేశారని. చూశాను. తెగని మూడు మూలలకీ చక్కగా పసుపు పెట్టి ఉంది.

“మేరీ హోనేవాలీ పత్నీ నే” అన్నాను. నా కాబోయే భార్య.

ఆ మాట నేను నోటితో అనడం అదే మొదలు. రామ్మూర్తి గారు దగ్గి, టీసీ వాళ్ళకి సాయంత్రం బండికే కబురు పెడతానన్నారు. ఈసారి నోటి మాటగా పెట్టమని నాన్న సలహా ఇచ్చాడు.

కార్డు వెనక, నేను రాసిన పెన్సిల్ రాత కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి. ‘మిషను తప్పు చెయ్యదన్నారు కనుక, తప్పిన మూల మీ దగ్గరే ఉండి ఉంటుంది. వెతికి పంపగలరు, పసుపు పెట్టాలి.’

కార్డు పుట్టుకతోనే తెగినది, ఆ మూల ఏ దేశంలో పడిందో ఎవరికి తెలుసు? నేను పక్కకి నెట్టేసిన పోస్టుకార్డుని అమ్మ చూర్లో దోపి ఉంచింది. దాని మూల కత్తిరించి, అమ్మ గిన్నెలోంచే పసుపు అద్ది, మిశ్రాజీ బండికే పంపాను. కార్డు లేకుండా ఉత్త మూల చూసి ఆయన టోపీ తియ్యాలో పెట్టుకోవాలో తెలియక, చేత్తో పట్టుకునే ఖరగ్‌పూర్ దాకా వెళ్ళాడట.

పెళ్ళయింది. మనలో భార్య భర్త పేరు పలకకూడదు కదా. వరలక్ష్మి ఇప్పటికీ సూరిబాబు అన్న మాట నోట రానివ్వదు. మహా పతివ్రత. అవసరమైతే నలుగురి ముందూ గట్టిగా “తవుడూ” అని పిలుస్తుంది. ఇదేం పద్ధతని నేనంటే, “అంగట్లో సరుకు పేరు మొగుడి పేరెలాగవుతాది?” అంటుంది. పైగా కొన్నది వాళ్ళ నాయనమ్మ కనక, సరుకు మీద హక్కు తనదేనట.

కావున పాఠక మహాశయులారా, తవుడు అనబడే సూరిబాబు అను నేను, దూలాన ఉన్న కొక్కెం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ శుభవార్తనూ మూల తెగిన కాగితం మీద పంపను. రేపు నిజంగానే పోవలసి వచ్చినా, నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న కార్డు కొని, పసుపు పెట్టి, ముందుగా మా ఆవిడకి చూపించి, ఆవిడ సరేనంటేనే పోతాను. ఈ ప్రమాణం మీరు నమ్మకపోయినా నేనేం అనుకోను. మా ఆవిడకి చదివి వినిపిస్తే, మొత్తం విని, లేచి వెళ్ళి కత్తెర దాచేసింది.